కుడివైపు పైమూల

చుక్కని ఇంకాస్త జరపమంటాడు తౌనో.
ఎంత అంటే
బొటనవేలి గోరు చూపిస్తాడు.
గోరంత. కుడికి, పైకి.
గోరంత జరిపితే చాలు, కొండంత అవుతుందట.

తాంపెరెలో ఏప్రిల్.
కరగాల్సిన మంచు మళ్లీ మొదలుపెట్టింది.
ఒకప్పుడు నూలు వడికిన ఎర్రిటుకల మిల్లులో
ఇప్పుడు మేం మాటలు వడుకుతాం.
కిటికీ కింద నది దూకుతూనే ఉంటుంది,
ఎవరి సలహా అడక్కుండా.

నా పని చెప్పడం తేలిక, నమ్మించడం కష్టం.
కంపెనీలకి సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలకి
ఎవరికి అమ్మాలో చెబుతాను.
మా తైమి బడిలో రాసిందట,
"మా అమ్మ గళ్లు గీస్తుంది" అని.
తప్పేం లేదు.
నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత,
నాలుగు గదులు.
ఒక్కో కంపెనీ ఒక్కో చుక్క.
అందరికీ ఆ ఒక్క గదే కావాలి.
కింద, ఎడమవైపు కాపురం పెట్టించమని
ఇంతవరకూ ఎవరూ నాకు ఫీజు కట్టలేదు.

తౌనో సరుకు మంచిదే.
యంత్రం చెడిపోకముందే
చెడిపోబోతోందని చెప్పే సాఫ్ట్‌వేర్.
పదకొండేళ్ల చాకిరీ, నలభైమంది జీతాలు.
మ్యూనిక్‌లో కొత్తగా పుట్టిన ఓ కంపెనీ
ఆర్నెల్లుగా అతనికి పట్టపగలే చుక్కలు చూపిస్తోంది.
గురువారం పెట్టుబడిదారులు వస్తున్నారు.

కొన్నవాళ్ల మొహం చూడకుండా నేను గళ్లు గీయను.
బస్సెక్కి, దిగి, ఇంకో బస్సెక్కి
ఉత్తరాన ఓ అట్టల మిల్లుకి వెళ్లాను.
రాత్రి షిఫ్టు. మేస్త్రీ హిల్క్కా
ఒక చెవి మీది మఫ్ జరిపి
నా పదిహేడు ప్రశ్నలూ ఓపిగ్గా విన్నది.
ఈ సాఫ్ట్‌వేర్ వాడమని తోటివాళ్లకి చెబుతారా,
సున్నా నుంచి పదిలో ఎంత?

జవాబు లేదు.
నా చేతి తొడుగు లాగేసి
అరచేతిని బేరింగు మూత మీద పెట్టింది.
వెచ్చగా ఉంది. లోపల ఏదో
జ్వరమొచ్చిన పిల్లాడిలా సన్నగా వణుకుతోంది.
"శుక్రవారం దాకా లాగుతుంది" అంది.

గోడ మీద తెర.
తెర నిండా దుమ్ము. దుమ్ము కింద అంతా పచ్చ రంగు.
పాస్‌వర్డు తెలిసినాయన మూడేళ్ల కిందట రిటైరై
ఏదో సరస్సులో వలలు వేసుకుంటున్నాడట.
మరి ఏటేటా డబ్బెందుకు కడుతున్నారు?
"ఆపాలంటే ఎవరిని అడగాలో
ఇక్కడెవరికీ తెలీదమ్మా."

తౌనో పుస్తకాల్లో ఆ మిల్లు
నమ్మకమైన ఖాతాదారు. బంగారు గుర్తు కూడా ఉంది.

తిరుగు బస్సులో స్లైడు రాశాను, కొట్టేశాను.
'వినియోగం ఆశించిన స్థాయిలో లేదు' —
ఎంత మెత్తటి వాక్యం!
దిండు కింద పెట్టుకుని పడుకోవచ్చు.
చివరికి గళ్లూ బాణాలూ తీసేసి
ఆమె అన్న మాటే పెట్టాను,
తెల్లటి పేజీ మధ్యలో.

బుధవారం. దాల్చినచెక్క బన్ను సగం కొరికి
తౌనో చదివాడు.
నమలడం ఆగింది.
అరుస్తాడనుకున్నాను, ఫీజు కోస్తాడనుకున్నాను,
ఈ పేజీ ఎవరికీ చూపొద్దంటాడనుకున్నాను.

"ఏ బేరింగు?" అన్నాడు.

మూడు వారాల్లో
జవాబు తెలియక అతనడిగిన మొదటి ప్రశ్న అది.
మూడో రోలరు, ఎడమవైపు, అన్నాను.
కోటు తగిలించుకుంటూ
బస్సు నంబరు కూడా అడిగాడు.

గురువారం పెట్టుబడిదారుల ముందు
అతని కుర్చీ ఖాళీ.
చుక్కని నేను జరపలేదు.
నెత్తి మీద గుడ్డు పగిలినట్టు
గదిలో అందరూ కదలకుండా కూర్చున్నారు.
ఒకావిడ మాత్రం అడిగింది,
ఆ తెల్లపేజీ మళ్లీ ఒకసారి వేస్తారా అని.

సాయంత్రం తౌనో నుంచి ఫొటో.
మోచేతిదాకా గ్రీజు, చేతిలో చిట్లిన ఇనుప రింగు.
కింద రెండే ముక్కలు:
'ఇవాళే పోయింది.
హిల్క్కా లెక్క ఒకరోజు తప్పింది,
తెగ తిట్టుకుంటోంది.'

బిల్లు ఇంకా పంపలేదు నేను.
ఏ పని చేశానని రాయాలో
తైమిని అడగాలి.